పళ్ళెంలో మిగిల్చిన చిటికెడు నల్ల ఇసుక

నా పేరు మస్తాన్ వలి. మాది బెజవాడ వన్‌టౌన్. ఖనిజాలు వెతికే ఆఫీసులో పద్దెనిమిదేళ్ళు ఇసుక కడిగాను. కాయితాల్లో ఆ పనికి ఏదో పెద్ద పేరుంది. నేను చేసింది మాత్రం ఇసుక కడగడమే.

చదువు ఐదో తరగతితో ఆగింది. ఉత్తరం ముక్క తప్ప ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. ఇది మొదలుపెట్టి ఇప్పటికి మూడు కాయితాలు చింపేశాను. పటమట ఆఫీసులో ఇప్పుడున్న మేడం గారు రాయమన్నారు.

"కొత్తవాళ్ళు చేరుతున్నారు మస్తాన్ గారూ. పళ్ళెం ఎలా పట్టుకోవాలో మేం నేర్పుకుంటాం. మీకు జరిగింది మాత్రం మీరే చెప్పాలి" అన్నారు.

"నోటితో చెప్తానండీ" అన్నాను.

"నోటితో చెప్తే ఆ పూట ఉన్నవాళ్ళే వింటారు" అన్నారు.

అందుకని రాస్తున్నాను. తప్పులుంటే దిద్దుకొని చదవండి. నేను చెప్పబోయేది కూడా ఒక తప్పు గురించే.

మా ఇంటి పని

మా తాత, నాన్న మట్టి కడిగేవాళ్ళు. వన్‌టౌన్‌లో బంగారం పనివాళ్ళ కొట్లు వరసగా ఉంటాయి. వాళ్ళు నగని ఆకురాయితో రాసేటప్పుడు బంగారం పొడి ఎగిరి కింద పడుతుంది. దాన్ని రజను అంటాం. అది చాప సందుల్లో దూరుతుంది, చీపురుతో పాటు గుమ్మం దాటుతుంది, చివరికి వీధి కాలువలో కలుస్తుంది. ఆ ఊడ్చిన మట్టిని కొట్లవాళ్ళ దగ్గర కొని, కాలువ గట్టుకి మోసుకెళ్ళి, చెక్క పళ్ళెంలో కడిగి, రజను బయటికి తీసేవాళ్ళం.

కడగడం చూడ్డానికి తేలిగ్గా ఉంటుంది. పళ్ళేన్ని నీళ్ళలో ముంచి గుండ్రంగా తిప్పాలి. బరువైనది అడుక్కి పోతుంది, తేలికది పైకొస్తుంది. పళ్ళెం కాస్త వంచితే పైది నీళ్ళతో వెళ్ళిపోతుంది. అట్లా తిప్పుతూ వంచుతూ పోతే చివరికి అంచు దగ్గర నల్ల ఇసుక ఒక తోకలాగా నిలబడుతుంది. బంగారం ఉంటే ఆ తోక కొసన ఉంటుంది. చెయ్యి తొందరపడితే బంగారం కూడా కాలువలోకే పోతుంది.

మా వాళ్ళకి ఒక ఆనవాయితీ ఉంది. పళ్ళెం ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చెయ్యకూడదు. రజను తీసుకున్నాక ఆ నల్ల ఇసుకలో ఒక చిటికెడు బొటనవేలి కింద ఆపుకోవాలి. తర్వాతి మట్టి పోసేముందు దాన్ని పళ్ళెంలో వదలాలి. అది బరకత్, అంటే ఉన్నది పెరగాలని దీవెన. ఖాళీ పళ్ళెం ఆకలితో ఉంటుంది, వచ్చింది మింగేస్తుంది అనేవాడు నాన్న. నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. నాన్న చెయ్యి చూసి నా చేతికి వచ్చేసింది. నా పదకొండో ఏట నాన్న పోయాడు. ఆ చెక్క పళ్ళెం నాకొచ్చింది, బడి పోయింది.

ఐదు సీసపు గింజలు

తొంభైల మొదట్లో ఒక వేసవిలో కాలువలు కట్టేసి ఉన్నాయి. అట్లా కట్టేసినప్పుడు అడుగు బురద బయటపడుతుంది, మాకు చేతినిండా పని. నేను బురదలో కూర్చుని కడుగుతుంటే ఒక పెద్దమనిషి గట్టు మీద నిలబడి గంటసేపు చూశారు. చేతిలో సంచి, కాళ్ళకి ముదురు రంగు బూట్లు. పోలీసేమో అనుకున్నాను. పోలీసు అయితే గంటసేపు నిలబడడు కదా అని కూడా అనుకున్నాను.

ఆయనే విశ్వనాథం గారు, జియాలజిస్టు. కూచిపూడి దగ్గర పల్లెటూరు ఆయనది. "మా చుట్టుపక్కల అందరి కాళ్ళకీ గజ్జెలొచ్చాయి, నా కాళ్ళకి మాత్రం ఈ బూట్లొచ్చాయి" అని తన మీద తనే జోకు వేసుకునేవారు.

ఆయన గట్టు దిగి వచ్చి, జేబులోంచి ఆవగింజలంత సీసపు గింజలు ఐదు తీసి, గుప్పెడు ఇసుకలో కలిపి నాకిచ్చారు.

"ఇవి తియ్యగలవా?"

కడిగి ఇచ్చాను. ఐదు సీసపు గింజలూ వచ్చాయి. వాటి పక్కన రెండు బంగారం నలుసులు మెరుస్తున్నాయి.

"ఐదు వేశాను. ఏడొచ్చాయేంటయ్యా?"

"అది బరకత్ అండీ."

ఆయన గట్టిగా నవ్వారు. "అయితే మా ఆఫీసుకి నీ బరకత్ కావాలి, వస్తావా?" అన్నారు.

వెళ్ళాను. రోజుకూలి మీద తీసుకున్నారు. ఆఫీసు వాళ్ళు ఇనప పళ్ళెం ఇస్తే పక్కన పెట్టి నాన్న చెక్క పళ్ళెమే వాడతానన్నాను. ఆయన సరేనన్నారు. ఆ ఏడు గింజల సంగతి గుర్తు పెట్టుకోండి. మేమిద్దరం మర్చిపోయాం.

అధికారుల గురించి ఒక మాట

నేను నలుగురు పెద్ద అధికారుల కింద చేశాను. జీపు దిగకుండా కొండని చూసే ఆయన ఒకరున్నారు. కిటికీలోంచి వేలు చూపించి "అక్కడ, అక్కడ" అనేవారు. ఆ వేలు ఎటు చూపిస్తుందో ఆయనకే తెలిసేది కాదు. ఇంకొకాయన చదువులో మహా గట్టి, కానీ కూలివాడు చెప్పింది చెవిన పెట్టేవారు కాదు. వాగులో నీళ్ళు ఎప్పుడు పెరుగుతాయో కూలివాడికే ముందు తెలుస్తుంది. ఆయన బూట్లు రెండుసార్లు వాగులో కొట్టుకుపోయాయి.

విశ్వనాథం గారు నాతోపాటు నీళ్ళలో దిగేవారు. నడుం పట్టేసేదాకా వంగి కడిగేవారు. బాగా కడగలేకపోయేవారు, అది వేరే సంగతి. నేనైతే నీళ్ళలో దిగే అధికారి దొరికితే జీతం కొంచెం తక్కువైనా అక్కడే ఉండమంటాను.

కొండ

మేం వెతికింది బంగారం కాదు. టాంటలం అనే అరుదైన లోహం. అది ఉండే ఖనిజం నల్లగా, బరువుగా ఉంటుంది. టెలిఫోన్లలో, విమానాల్లో గోరంత ముక్కలుగా వాడతారనీ, మన దేశంలో చాలా తక్కువ దొరుకుతుందనీ విశ్వనాథం గారు చెప్పారు. అప్పటికి మా వీధి మొత్తానికి ఒకే ఫోను ఉండేది. నాకు ఆ లోహం ఎందుకో పెద్దగా అర్థం కాలేదు. కానీ బరువైంది అడుక్కి పోతుందన్నది ఎక్కడైనా ఒకటే కదా.

అది ఉండేది డెల్టాకి ఎగువన కొండల్లో. కొండ పేరు రాయొద్దని మేడం గారు చెప్పారు, రాయను. ఆ ఖనిజం తెల్ల పలుగురాయీ పెద్ద పెద్ద అభ్రకం పలకలూ కలిసిన రాతిపట్టెలో ఉంటుంది. పట్టె అరిగితే నలుసులు వానకి వాగులోకి దిగుతాయి. అందుకని ముందు వాగుల్లో ఇసుక కడగాలి. ఏ వాగు ఇసుకలో నలుసులు కనపడితే ఆ వాగు పట్టుకొని పైకెక్కితే పట్టె దొరుకుతుంది. మా పనంతా ఇంతే.

ఆ కొండ చుట్టూ ఇరవై మూడు వాగులు. నేను, విశ్వనాథం గారు, జీపు డ్రైవరు సాంబయ్య. సాంబయ్యే వంట కూడా చేసేవాడు. మనిషి మంచివాడు, వంట మాత్రం వద్దు.

ఏ వాగులో నీళ్ళుంటే అది ముందు కడిగేవాళ్ళం. కాబట్టి వాగుల నంబర్లు ఒక వరసలో ఉండేవి, కడిగిన వరస ఇంకొకటి. కడిగిన నల్ల ఇసుక మీద అయస్కాంతం తిప్పితే ఇనప ఇసుక అంటుకొని వచ్చేస్తుంది. మిగిలింది పొట్లం కట్టి ల్యాబ్‌కి పంపేవాళ్ళం.

ఫలితాలు వచ్చిన రోజు విశ్వనాథం గారు క్యాంపులో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు. పదిహేను వాగుల్లో టాంటలం పడింది.

"మస్తాన్, ఇది ఒక పట్టె కాదయ్యా. కొండ పొడుగునా ఉంది" అన్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆయనకి. ఇరవై ఏళ్ళుగా ఆయనకి ఇట్లాంటి ఫలితం రాలేదట.

కందకాలు

కొండ మధ్యలో జీపు ఎక్కే దారి ఉన్నచోట కందకాలు తవ్వించారు. ముప్ఫైమంది కొండవాళ్ళు రెండు నెలలు తవ్వారు. ఎర్రమట్టి వచ్చింది, నల్లరాయి వచ్చింది. తెల్ల పట్టె రాలేదు. ఒక కందకం, రెండు, ఆరు. విశ్వనాథం గారికి అన్నం సయించేది కాదు. సాంబయ్య వంట వల్ల అనుకున్నాం మొదట్లో.

ఇంతలో పై ఆఫీసునుంచి డైరెక్టరు గారి ఉత్తరం వచ్చింది. విశ్వనాథం గారు మా ఇద్దరి ముందే చదివారు. శాంపిళ్ళలో ఖనిజాన్ని బయటినుంచి ఎవరో కలిపినట్టు అనుమానంగా ఉందట. తాను వారంలో గన్నవరంలో విమానం దిగుతానని, పటమట ఆఫీసులో విచారణ చేస్తానని రాశారు.

"అంటే ఏంటండీ?" అన్నాడు సాంబయ్య.

"అంటే పేరు కోసం నేనే కలిపానని."

ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నారు. తర్వాత ఆయన నా వైపు తిరిగి, "మస్తాన్, నువ్వు కడిగేటప్పుడు కొత్తవాళ్ళెవరైనా దగ్గరికి వచ్చారా?" అని అడిగారు.

"లేదు సార్. నేను తప్ప ఎవరూ చెయ్యి పెట్టలేదు."

నిజమే చెప్పాననుకున్నాను.

మర్నాడు ఉదయం కందకం మట్టి కడుగుతున్నాను. మామూలుగానే ఏమీ లేదు. మట్టి వదిలేసి ఇంకో తట్ట మట్టి పోయబోతూ నా చేతిని చూసుకున్నాను. బొటనవేలి కింద చిటికెడు నల్ల ఇసుక ఉంది. నేను ఆపుకున్నట్టు నాకే తెలీదు. ఆ వేలు ముప్ఫై ఐదేళ్ళుగా చేస్తున్న పని.

నీళ్ళలో అట్లాగే కూర్చుండిపోయాను.

ఒక్క వాగులో నిజంగా ఖనిజం ఉండి ఉంటుంది. ఆ చిటికెడు నేను తర్వాతి వాగు ఇసుకలో వదిలాను. అందులోంచి ఇంకో చిటికెడు ఆ తర్వాతి వాగులో. కలిపింది విశ్వనాథం గారు కాదు. నేను.

అమ్మ చెప్పిన మిగతా సగం

కందకం శాంపిళ్ళు పటమటకి చేర్చాల్సి ఉంది. విశ్వనాథం గారు ముందే బస్సులో వెళ్ళిపోయారు. సాంబయ్య, నేను జీపులో బయల్దేరాం.

"ఏమయ్యా మస్తానూ, నీ మొహం నాలుగు టైర్లూ ఒకేసారి పంచరైనట్టుంది" అన్నాడు సాంబయ్య.

నా ఉద్యోగం పర్మనెంటు చెయ్యమని విశ్వనాథం గారు రాసిన కాయితం అప్పటికే పైకి వెళ్ళింది. ఇది చెప్తే ఆ కాయితం చించేస్తారు, కూలి కూడా ఉండదు. చెప్పకపోతే డైరెక్టరు గారు విశ్వనాథం గారిని దొంగ అంటారు. నా గురించి ఎవరూ ఆలోచించరు కూడా. ఇసుక కడిగేవాడి బొటనవేలు ఎవరు చూస్తారు? దారి పొడుగునా ఇదే లెక్క. చెప్పకూడదనే అనుకున్నాను, సగం దారిదాకా. దాయకుండా రాస్తున్నాను.

మధ్యాహ్నానికి ఇంటికి చేరాను. అమ్మ గుమ్మంలో కూర్చుని చింతపండు ఒలుస్తోంది. గింజలు ఒక పక్కకి, పండు ఒక పక్కకి. అమ్మకి చెప్పాను. చెప్పి, "నాన్న నేర్పిందే చేశానే, బరకత్ కోసం. అది నా కొంప ముంచింది" అన్నాను.

అమ్మ చెయ్యి ఆపి నన్ను చూసింది.

"ఒరేయ్, ఆ చిటికెడు మనం కొన్న మట్టికి గదరా."

"ఏ మట్టికైతే ఏంటమ్మా?"

"మన మట్టి అయితే ఎందులో ఎంత కలిస్తే ఏంది, అంతా మనదే. కొట్టాయన మట్టి ఆయనే తెచ్చి, కడిగి రజను నా చేతిలో పెట్టు, కూలిస్తా అన్నాడనుకో. అప్పుడు మీ నాన్న పళ్ళెం మూడు నీళ్ళు తొలిచి, గుడ్డ పెట్టి తుడిచి, ఆయనకి చూపించి గానీ మొదలుపెట్టేవాడు కాదు. ఒక కొట్టు రజను ఇంకో కొట్టు మట్టిలోకి పోయిందంటే అది దొంగతనమే, మనం తీసుకోకపోయినా దొంగతనమే అనేవాడు."

"నాకెప్పుడు చెప్పారే ఇది?"

"నువ్వు పదకొండేళ్ళోడివి. కూలి మట్టి నీ చేతికి ఎవరిచ్చారు?"

నిజమే. నాన్న ఉన్నప్పుడు నేను కడిగింది మనం కొన్న మట్టే. ఆయన పోయాక కూడా అంతే. కొట్టువాళ్ళు చిన్నపిల్లాడికి వాళ్ళ మట్టి నమ్మి ఇవ్వలేదు. నేను ఆనవాయితీలో సగమే నేర్చుకున్నాను.

"ఆ కొండ మట్టి నీదా?" అంది అమ్మ.

"కాదు."

"మరింకేం. పోయి ఆ పెద్దాయనకి చెప్పు. తిని పో."

పటమట మేడ మీద

పటమట ఆఫీసు మేడ మీద శాంపిళ్ళు ఎండబెట్టేవాళ్ళు. విశ్వనాథం గారు అక్కడే ఉన్నారు, పిట్టగోడ పక్కన నీడలో కుర్చీ వేసుకొని, రేపు డైరెక్టరు గారికి ఏం చెప్పాలో రాసుకుంటున్నారు.

"సార్, ఆ కలిపింది నేనేనండి."

కలం ఆగింది. "ఎప్పుడు?"

"ప్రతిసారీ అండి."

వేలు చూపించి అంతా చెప్పాను. ఆయన లేచి నిలబడ్డారు. ఆయన కోపం నేను ఎప్పుడూ చూడలేదు, ఆ రోజు చూశాను.

"రెండు నెలలు ముప్ఫైమందితో కొండ తవ్వించానయ్యా. ఆరు కందకాలు. ఒక చిటికెడు ఇసుక వెనకాల పరిగెత్తానా నేను?"

తలొంచుకున్నాను. ఆయన మేడ చివరిదాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, మళ్ళీ కూర్చున్నారు. అప్పుడు నెమ్మదిగా అన్నారు.

"ఐదు వేస్తే ఏడొచ్చాయి."

"సార్?"

"మొదటి రోజే చూపించావు. నేను వెయ్యని బంగారం నీ పళ్ళెంలో ఎట్లా వచ్చిందని అడగాల్సింది. నవ్వి ఊరుకున్నాను. చదువుకున్నవాణ్ణి నేను గదా." తర్వాత కాయితం ముందుకి లాక్కున్నారు. "ఏ వాగు తర్వాత ఏ వాగు కడిగావో గుర్తుందా?"

అదేం ప్రశ్న. నాకు నంబర్లు గుర్తుండవు గానీ రోజులు గుర్తుంటాయి. సాంబయ్య పప్పు మాడ్చిన రోజు తూర్పు చివరి వాగు. ఉప్పు మర్చిపోయిన రోజు రెండు రాళ్ళ వాగు. వంకాయ ఉడకని రోజు వెదురు వాగు. ఒక్కొక్కటే చెప్తుంటే ఆయన పక్కనే ల్యాబ్ అంకెలు వేసుకుంటూ వచ్చారు. సాంబయ్య కూడా మేడెక్కి వచ్చాడు.

"నా వంటని ఇట్టా పేరుపేరునా తిట్టినోడు ఎవడూ లేడండీ" అన్నాడు.

ఇరవై మూడూ అయ్యాక విశ్వనాథం గారు కాయితాన్ని దూరంగా పట్టుకొని చూశారు. మొదటి ఎనిమిదీ సున్నాలు. తొమ్మిదోది అన్నిట్లోకీ పెద్ద అంకె. అక్కణ్ణుంచి చివరిదాకా మెట్లు దిగినట్టు తగ్గుతూ వచ్చింది.

"తొమ్మిదోది ఏ రోజు?"

"కోడిగుడ్ల పులుసు రోజండి. ఆ రోజొక్కటే బాగా కుదిరింది."

"చూశారా" అన్నాడు సాంబయ్య.

ఇరవై మూడు సంచులు

డైరెక్టరు గారు పొడుగాటి మనిషి, తక్కువ మాట్లాడతారు. నేను చెప్పిందంతా నిలబడే విన్నారు. విని, విశ్వనాథం గారితో, "ఇతన్ని మీరే ఇలా చెప్పమన్నారని నేను ఎందుకు అనుకోకూడదు?" అన్నారు.

నాకు కోపం వచ్చింది గానీ ఇప్పుడు ఆలోచిస్తే ఆయన అడిగింది న్యాయమే. పప్పు మాడిన రోజూ, వంకాయ ఉడకని రోజూ సాక్ష్యం అంటే ఎవరు నమ్ముతారు?

ఆయనే దారి చెప్పారు. తన మనుషులు వెళ్ళి ఇరవై మూడు వాగుల ఇసుకా మళ్ళీ తెస్తారు. సంచుల మీద తనకి మాత్రమే తెలిసిన గుర్తులు వేస్తారు. నేను ఇక్కడే, ఆయన కళ్ళ ముందు కడగాలి. ఒక్క సంచిలో పడి మిగతా అన్నీ ఖాళీ అయితే సరే. లేకపోతే క్యాంపు ఎత్తేస్తారు, విశ్వనాథం గారి మీద కేసు నడుస్తుంది.

"సార్, ఒక మాటండి" అన్నాను. "గుర్తు లేకపోయినా ఇసుక చూస్తే ఏ వాగుదో నాకు కొంచెం తెలిసిపోద్దండి."

ఆయన మొదటిసారి నన్ను సరిగ్గా చూశారు. "మరి ఎందుకు చెప్తున్నావు?"

"తర్వాత తెలిస్తే బాగోదు గదండీ."

"కడుగు. నీకు తెలిసినా పళ్ళేనికి తెలియదు కదా" అన్నారు.

పది రోజులకి సంచులొచ్చాయి. ఆఫీసు వెనక కుళాయి దగ్గర పెద్ద తొట్టి పెట్టారు. డైరెక్టరు గారు ఎదురుగా కుర్చీలో కూర్చున్నారు. విశ్వనాథం గారిని దగ్గరికి రానివ్వలేదు. ఆయన గేటు దగ్గర సాంబయ్యతో నిలబడ్డారు. నాన్న చెక్క పళ్ళేన్ని ఇంట్లోనే వదిలి వచ్చాను. చెక్క సందుల్లో నలుసులు దాక్కుంటాయి. ఆఫీసు ఇనప పళ్ళెం తీసుకున్నాను. మూడు నీళ్ళు తొలిచాను. గుడ్డతో తుడిచి డైరెక్టరు గారికి చూపించాను. తొట్టిలో నీళ్ళు కూడా ప్రతి సంచికీ మార్చాను.

మొదటి సంచి, ఖాళీ. అయస్కాంతం తిప్పాక నాలుగు ఎర్ర గింజలు మిగిలాయి, అంతే. రెండోది ఖాళీ. ప్రతి సంచి తర్వాతా మూడు నీళ్ళు, గుడ్డ, చూపించడం. బొటనవేలు మాత్రం మాట వినేది కాదు. ప్రతిసారీ ముడుచుకునేది. చివరికి ఆ వేలికి గుడ్డపీలిక చుట్టి నిటారుగా కట్టుకున్నాను. ఎందుకని అడిగారు డైరెక్టరు గారు. చెప్పాను. ఆయన నవ్వలేదు, "సరే, కానీ" అన్నారు.

మొదటి రోజు పన్నెండు సంచులు. అన్నీ ఖాళీ. ఆ ఒక్క వాగు కూడా అబద్ధమేమో అని నాకు భయం పట్టుకుంది.

రెండో రోజు నాలుగో సంచి పోసేటప్పుడే చేతికి బరువు తెలిసింది. తిప్పాను, వంచాను. తోక నిలబడింది. అయస్కాంతం తిప్పాను. ఇనప ఇసుక వచ్చేసింది. తోక సగానికి పైగా అట్లాగే ఉంది, నల్లగా, కదలకుండా. డైరెక్టరు గారు కుర్చీలోంచి లేచి వచ్చి నేల మీద గొంతుకూర్చున్నారు. భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. పొట్లం కట్టుకున్నారు.

"తర్వాతిది" అన్నారు.

అసలు పరీక్ష తర్వాతిదే. అది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. పళ్ళెం మూడు నీళ్ళు తొలిచాను. నాలుగోసారి కూడా తొలిచాను. ఐదో సంచి పోసి కడిగాను. వంచాను. అయస్కాంతం తిప్పాను.

ఏమీ లేదు. ఇనుము మెరుస్తోంది, అంతే.

ఖాళీ పళ్ళెం చూసి సంతోషించింది నా జీవితంలో అదే మొదటిసారి. తలెత్తి గేటు వైపు చూశాను. దూరంనుంచి విశ్వనాథం గారికి పళ్ళెం లోపల కనపడదు. అందుకని బోర్లించి చూపించాను. మా ఇంట్లో ఎవరూ చెయ్యని పని అది. ఆయన కళ్ళజోడు తీసి చొక్కా కొసతో తుడుచుకోవడం మొదలుపెట్టారు.

మిగిలిన సంచులు కూడా ఖాళీయే. అప్పుడు డైరెక్టరు గారు తన చీటీ తీసి, ఆ నాలుగో సంచి గుర్తు ఏ వాగుదో చదివారు. కోడిగుడ్ల పులుసు వాగు. చీటీలో ఆ పేరు లేదనుకోండి.

ఒక్క వాగు

ల్యాబ్ వాళ్ళు కూడా అదే చెప్పాక వాగు పట్టుకొని పైకెక్కాం. వానలు పడబోతున్నాయి, జారుడు. డైరెక్టరు గారు కూడా వచ్చారు, రెండుసార్లు పడ్డారు, లేచారు. మూడో మలుపు దాటాక అడివి తీగల కింద తెల్లటి రాయి గోడలాగా కనపడింది. అభ్రకం పలకలు అరచేతులంత ఉన్నాయి. వాటి మధ్య నల్లటి గడ్డలు, రాతిలోనే కూర్చుని ఉన్నాయి. విశ్వనాథం గారు చెయ్యి ఆనించి నిలబడ్డారు. మా కందకాలకి అది ఎంతో దూరం కూడా లేదు. మేం తవ్విందే వేరే వైపు.

కొండ దిగేటప్పుడు డైరెక్టరు గారు విశ్వనాథం గారి దగ్గరికి వచ్చి, "ఆ ఉత్తరం నేను వెనక్కి తీసుకుంటున్నాను" అన్నారు. నన్ను చూసి, "నీ కాయితం మీద సంతకం పెడుతున్నాను. నువ్వు తప్పు చేశావని కూడా దాని మీద రాస్తున్నాను, రెండూ ఉంటాయి" అన్నారు. రెండూ ఉన్నాయి ఇప్పటికీ. నాకేం బాధ లేదు.

తర్వాత ఏళ్ళలో అక్కడ డ్రిల్లు వేశారు, పట్టె లోతుగా దిగిందని తెలిసింది. తవ్వడం ఇంకా మొదలు కాలేదు. కొండవాళ్ళతో మాటలు నడుస్తున్నాయి. నడవాలి కూడా. మా ఆరు కందకాలు వాళ్ళ పశువుల దారిలో తవ్వాం, అడక్కుండా. వాటిని మళ్ళీ పూడ్పించింది విశ్వనాథం గారు పట్టుబట్టడం వల్లే. ఈసారి అడిగే మొదలుపెడతారని మేడం గారు చెప్తున్నారు. నాకు నమ్మకం ఉంది.

కొత్తగా చేరేవాళ్ళకి

నీతులు చెప్పేంత వాణ్ణి కాదు. పనిలో పనికొచ్చేది చెప్తాను.

మీ చేతికి ముందే వచ్చిన పని ఏదైనా ఉంటే, అది మీ అధికారికి మొదటి రోజే చేసి చూపించండి. మాటల్లో చెప్తే చాలదు, మీకు తెలియకుండా చేసేది మాటల్లోకి రాదు. అధికారులకి కూడా ఒకటి. లెక్క కంటే ఎక్కువ వస్తే, తక్కువ వచ్చినప్పటికంటే గట్టిగా అడగండి.

తప్పు తెలిసిన రోజే చెప్పండి. నేను సగం దారిదాకా చెప్పకూడదనుకున్నాను. అమ్మ ఇంట్లో లేకపోతే ఏం చేసేవాణ్ణో ఇప్పటికీ తెలీదు. నేను చెప్పాను కాబట్టే ఆ అంకెల వరస వచ్చింది, వరస వచ్చింది కాబట్టే వాగు దొరికింది. దాచి ఉంటే ఆ తెల్ల గోడ తీగల కిందే ఉండేది.

పళ్ళెం పట్టుకునేముందు ఈ మట్టి ఎవరిదని అడగండి. మూడు నీళ్ళు తొలవండి. నేను ఆ తర్వాత పదమూడేళ్ళు తొలిచాను, ఒక్కసారి కూడా మానలేదు.

రిటైరైన రోజు ఆ ఇనప పళ్ళేన్ని మూడు నీళ్ళు తొలిచి, తుడిచి, మేడం గారికి అప్పగించాను. ఆవిడ ఒక చిన్న మందుసీసా నా చేతిలో పెట్టారు. అడుగున చిటికెడు నల్ల ఇసుక. "ఆ వాగుదే. పై వాళ్ళని అడిగి, రాయించుకొని ఇస్తున్నాను. ఇది మీది" అన్నారు.

ఇంటికొచ్చి అటక మీదనుంచి నాన్న చెక్క పళ్ళెం దించాను. సీసా మూత తీసి ఆ చిటికెడు అందులో వదిలాను. మా ఇంటావిడ రహిమా చూసి, "దుమ్ము పట్టి ఉంది, కడగరా?" అంది.

"వద్దులే" అన్నాను. "ఇది మన మట్టి."